నాలుగో గడి

మూడో రోజు కూడా మావయ్య పళ్లెం దాదాపు అలాగే ఉంది. మూత తీసి చూశాను. రెండు ముద్దలు తిని, మిగతాది ఒక పక్కకి నెట్టేశారు.

"తిన్నారా అని అడగకు," అంది అత్తయ్య కుట్టుమిషను దగ్గర్నుంచి, తల ఎత్తకుండానే. "అడిగితే ఆ రెండు ముద్దలూ మానేస్తాడు."

"నేనేం అడగట్లేదత్తయ్యా. పళ్లెం తీస్తున్నాను, అంతే."

"నువ్వు తీసే చప్పుడే అడిగినట్టుంది."

మిషను మళ్లీ గరగరమంది. అరవై బనియన్లలో అది నలభై మూడోది. నీలం గుడ్డ, వీపున తెల్ల అంకె. ఆదివారం గుట్ట మీద ఆటస్థలం తెరుస్తారు. ఆ రోజు మా ఆయన బడి పిల్లలు అరవై మంది ఈ బనియన్లు వేసుకుని కొత్త ట్రాక్ మీద మొదటి చుట్టు పరుగెత్తాలి.

ఆ ట్రాక్ వేయించిన ఇంజనీరుని నేను. మొన్న దాని మీదికి ఎవరూ వెళ్లకుండా చుట్టూ తాళ్లు కట్టించిందీ నేనే. రెండో మలుపు దగ్గర నేల కుంగుతోంది.

తాళ్లు కట్టిన సాయంత్రం నుంచే మావయ్య నాతో మాట్లాడటం మానేశారు.

మెడలో ఈల వేసుకుంటూ మా ఆయన గదిలోంచి వచ్చారు. బడిలో ఆయన డ్రిల్లు మాస్టారు. ఇంట్లో కూడా ఒక్కోసారి అదే గొంతు.

"ఈ రోజైనా విప్పుతావా?"

"ఏం విప్పాలి?"

"తెలీనట్టు అడుగుతావేం? తాళ్లు."

"మొన్న పొద్దుటికీ నిన్న పొద్దుటికీ ఇంకో మూడు మిల్లీమీటర్లు దిగింది."

"మూడు మిల్లీమీటర్లా! మా పిల్లల గోళ్లలో మట్టి అంతకన్నా మందం ఉంటుంది."

"మొత్తం నలభై నాలుగు. ఆరు వారాల్లో. పదకొండు మీటర్ల మేర."

"మా వాళ్లు గుంటల రోడ్డు మీద పరుగు నేర్చుకున్నవాళ్లు."

"గుంట ఉందని తెలిస్తే పిల్లలు చూసుకుని దూకుతారు. చదునుగా ఉందనుకుని మలుపులో ఒంటిని వాల్చి పరుగెత్తేవాళ్ల చీలమండ ఏమవుతుంది డ్రిల్లు మాస్టారూ? మీకు నేను చెప్పాలా?"

ఆయన ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశారు.

"మరి వాళ్లకేం చెప్పను? సగంమంది అమ్మలు ఆ గుట్ట మీద చెత్త ఏరి బతికినవాళ్లే. ఆదివారం ఒక్కరూ పనికి పోరట. సిమెంటు మెట్ల మీద ఎవరెక్కడ కూర్చోవాలా అని ఇప్పటినుంచే పోట్లాటలు."

"మొదటి మెట్టు నాది," అంది అత్తయ్య. "ముందే చెప్పేశాను. ఎవత్తైనా కూర్చుంటే లేపేస్తాను."

గుట్ట వైపు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని మావయ్య బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు. పని మానేసి ఎన్నేళ్లయినా పొద్దున్నే బూట్లు వేసుకోవడం మానలేదు.

"నాన్నా, నువ్వైనా చెప్పు," అన్నారు మా ఆయన. "నీ గుట్టే కదా."

మావయ్య లేచారు. నా వైపు చూడలేదు.

"నన్నెవరడిగారు?" అని గుమ్మం దాటేశారు.

మిషను ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకా జోరుగా కొట్టుకుంది.

ఊరి చెత్తంతా ఆ గుట్ట మీదికి వచ్చిన రోజుల్లో పద్దెనిమిదేళ్లు దాని మీద బుల్డోజరు నడిపిన మనిషి ఆయన. లారీలు కుమ్మరించి పోయేవి. ఆయన నెట్టి, పరిచి, అణిగి గట్టిపడేదాకా బండితో తొక్కించేవారు. వీధిలో ఇప్పటికీ బుల్డోజరాయన అనే పిలుస్తారు. ఎవరితో మాట కలిసినా రెండో మాట అదే: "నా గుట్ట ఒక్క అంగుళం జారలేదు. నా గుట్టలో అబద్ధం లేదు."

అక్కడ పనిచేసినవాళ్లందరి పేర్లూ ఆటస్థలం గేటు పక్కన నల్లరాయి మీద చెక్కించాం. మొదటి పేరు మావయ్యదే. రోజూ పొద్దున వెళ్లి ఆ మొదటి వరస మీద చెయ్యి ఆన్చి వస్తారు. చదవలేరు. చదువు రాదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం అనం. పేపరు విప్పి పట్టుకుని, "ఈ కళ్లద్దాలు పడట్లేదే, నువ్వు చదువు" అంటారు అత్తయ్యతో. నా పెళ్లినాటి నుంచి చూస్తున్నాను, ఏ కళ్లద్దాలూ ఆయనకి పడలేదు.

ఆయన గుట్టకి వంక పెట్టానని కోపం వచ్చిందనుకున్నాను. అత్తయ్యా అదే అంది, "దాన్ని అంటే తనను అన్నట్టే" అని.

కానీ బనియన్లు మడత పెడుతుంటే ఇరవై ఆరు అంకె రెండుసార్లు కనిపించింది.

"అత్తయ్యా, ఇది మళ్లీ కుట్టారు."

ఆమె తీసుకుని చూసింది. బ్లేడు అందుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. అంకె తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

*

ఎనిమిదేళ్ల కిందట మా వీధిలో గుట్ట వైపు కిటికీలు తెరిచేవాళ్లు కాదు. మా ఇంటి కిటికీని అత్తయ్య ఏకంగా ఇటుకలు పెట్టించి మూయించింది. పోయిన వేసవిలో తనే మనిషిని పిలిచి ఆ ఇటుకలు తీయించింది. తీసిన రోజు అక్కడే నిలబడి టీ తాగింది. రెండో గ్లాసు కూడా అక్కడే తాగింది.

గేటు దాటి పైకి నడుస్తుంటే నాకు ఆ రెండో గ్లాసు గుర్తొస్తుంది. చెత్తను మట్టితో కప్పాం. దాని మీద మందపాటి నల్ల షీటు పరిచి, మళ్లీ మట్టి పోసి, గడ్డి నాటాం. లోపలి గ్యాసు పోవడానికి గొట్టాలు పెట్టాం. వాటి దగ్గర మీటరు పెట్టి రోజూ నేనే చూసుకుంటాను. పైన ఫుట్‌బాల్ మైదానం, రెండు వాలీబాల్ కోర్టులు, చుట్టూ ట్రాక్. చెత్త పోసే రోజుల్లో ఈ గుట్టను తొమ్మిది గడులుగా విడదీసి ఒక్కోటీ నింపుకుంటూ వచ్చారు. మా కాగితాల్లో ఇంకా ఆ నంబర్లే. రెండో మలుపు నాలుగో గడి మీద ఉంది. జనం కూర్చునే మెట్లు ఏడో గడి మీద.

తాళ్ల దగ్గర మట్టి మేస్త్రీ నిలబడి ఉన్నాడు. షీటు మీద మట్టి పోయించింది అతనే. మనిషి ముఖం మాడిపోయి ఉంది.

"ఇంజనీరమ్మా, నా మట్టిదే తప్పని రాస్తున్నారంట."

"ఎవరన్నారు?"

"పెద్దసారు డ్రైవరు. ఆ మనిషి నోట్లో ఏదీ ఆగదు."

"నేనింకా ఏమీ రాయలేదు మేస్త్రీ."

"మీరు రాయకముందే ఊరంతా చదివేసిందమ్మా. మా బావమరిది ఫోను చేసి ఓదార్చాడు కూడా." మలుపు అంచు వైపు చెయ్యి చూపించాడు. "ముప్పై సెంటీమీటర్లు పొయ్యమన్నారు. ముప్పై రెండు పోశాను. రండి, మీరే కొలుచుకోండి."

మలుపు అంచున చేత్తో మూడు చోట్ల తవ్వి పెట్టాడు. షీటుకి గీత కూడా పడకుండా చుట్టూ వేళ్లతో మట్టి తీశాడు. టేపు పెట్టి చూశాను. ముప్పై రెండు. ముప్పై రెండు. మూడో చోట ముప్పై మూడు.

"అక్కడ చెయ్యి జారింది," అన్నాడు, ఎక్కువ పోసినందుకు క్షమాపణ చెబుతున్నట్టు.

తప్పు మట్టిలో లేదు. షీటు కింద ఉంది.

పెద్దసారు పదకొండింటికి వచ్చారు. మా ఆఫీసులో నా మీద అధికారి. చెడ్డమనిషి కాదు, ఆదివారం మనిషి. వారం రోజులుగా ఆయన నోట ఇంకే రోజూ రావడం లేదు.

"ఇంకో పొర మట్టి పోయించి, సమం చేసి, పైన ఎర్ర పూత వేసేయండి. ఆదివారానికి కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది."

"కింద అణుగుతుంటే పైన ఎంత పోసినా దిగుతుంది సార్. బరువు పెరిగి ఇంకా దిగుతుంది. షీటు సాగి చిరిగితే గ్యాసు పైకొస్తుంది."

"మరి కింద ఎందుకు అణుగుతుంది? నాలుగో గడి, ప్రతి పొరా ఐదుసార్లు తొక్కించారని ఉంది." చేతిలోని టైపు కాగితాన్ని వేలితో కొట్టారు. పాత రిజిస్టర్లు చూసి ఎవరో టైపు చేయించిన కాగితం అది. దాన్ని నమ్మే నేను ట్రాక్ గీశాను. "తొక్కించింది మీ మామగారే కదమ్మా? ఆయన తొక్కించలేదంటారా? అయితే అదే రాయండి. లేకపోతే మేస్త్రీ మట్టి అని రాయండి. ఏదో ఒకటి రాయాలి."

మేస్త్రీ వింటున్నాడు. నేను టేపు చుట్టి జేబులో వేసుకున్నాను.

"నాలుగింటికి మీ ఇంటికే వస్తున్నా, మీ మామగారికి పిలుపు కాగితం ఇవ్వడానికి. ఆయన చేత్తోనే కదా ఆదివారం గేటు తెరిపిస్తున్నాం. ఆ పనిలో పనిగా మీ సంతకం తీసుకుంటా."

ఆయన వెళ్లిన గంటకి ఆఫీసు నుంచి మనిషి గోనెసంచి తెచ్చి నా షెడ్డులో పెట్టి పోయాడు. మూడు వారాలుగా నేనడుగుతున్న అసలు రిజిస్టర్లు, మూడు. అట్టలు తడిసి ఆరి ఉబ్బిపోయాయి. రెండోదాంట్లో నాలుగో గడి దొరికింది. ఐదో పొర.

"ఇంటి సామాన్లు. వరద. ఐదుసార్లు."

పక్కన మావయ్య సంతకం. ఆయనకి వచ్చిన రాత అదొక్కటే.

నేను చూస్తున్నది సంతకాన్ని కాదు. పైనున్న రాతని. కుట్లు వేసినట్టు ఒకే ఎత్తులో, గీత వదలని గుండ్రటి అక్షరాలు. వాటిని నేను రోజూ పొద్దున చూస్తాను. మా వంటింట్లో డబ్బాల మీద, ఉప్పు, చక్కెర, టీపొడి అని.

చెప్పింది ఆయన, రాసింది అత్తయ్య. అంటే ఇద్దరూ కలిసే ఈ అబద్ధం.

*

ఇంటికి వచ్చేసరికి మూడయింది. మా ఆయన బడి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. మావయ్య కిటికీ దగ్గర గుట్ట చూస్తూ కూర్చున్నారు.

రిజిస్టర్ల సంచి దించి, రెండోది తీసి మిషను బల్ల మీద పెట్టాను. ముందు అట్టను చూసింది అత్తయ్య. పాదం ఆగింది. చక్రం దానంతటదే రెండు చుట్లు తిరిగి ఆగింది.

"మావయ్యా, మీరు మాట్లాడకపోయినా ఫరవాలేదు, దీనికొక్కదానికి జవాబు చెప్పండి. నాలుగో గడి, ఐదో పొర. వరద సామాన్లు. ఎన్నిసార్లు తొక్కించారు?"

ఆయన మెల్లగా తిరిగారు.

"ఇప్పుడడుగుతున్నావా అమ్మా? కట్టేశాక?"

"ఇప్పుడే అడుగుతున్నాను."

"నువ్వు చదివే కట్టావనుకున్నాను." గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "పెద్ద చదువు చదివినదానివి. పుస్తకంలో నా మాట చూసే ఉంటుంది, అయినా దానికేదో ఉపాయం తెలిసే మలుపు అక్కడ పెట్టింది అనుకున్నా. గర్వంగా కూడా అనిపించింది, నా కోడలు నా గుట్ట కన్నా గట్టిదని. నువ్వు తాళ్లు కట్టాక తెలిసింది. నా మాట నువ్వు లెక్కే చేయలేదు. డ్రైవరు మాట కదా."

"ఏ మాట మావయ్యా?"

"తొక్కించలేదు అన్న మాట. ఒక్కసారి కూడా తొక్కించలేదు."

మా ఆయన తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఆ ఏడు వరదొచ్చి లోతట్టు వీధులన్నీ మునిగాయి," అన్నారు మావయ్య. "నీళ్లు దిగాక ఇళ్లకి ఇళ్లే లారీల్లో వచ్చిపడ్డాయి. మంచాలు, పరుపులు, ట్రంకు పెట్టెలు, గిన్నెలు. నేను ఒక్కసారి తొక్కిస్తే అన్నీ రేకులే. చెత్త ఏరే ఆడవాళ్లు నాలుగు రోజులు ఆగమన్నారు. కుదరదన్నా. అప్పుడు ఈమె వచ్చి బండి ముందు నిలబడింది."

"నిలబడలేదు," అంది అత్తయ్య. "కూర్చున్నా."

"అవును. కాళ్లు చాపుకుని మరీ కూర్చుంది. పొద్దున డబ్బా కట్టిచ్చిన మనిషి మీదికి బండి ఎలా పోనిస్తాను?" ఆయన ముఖంలో మూడు రోజుల తర్వాత ఏదో కదిలింది. "ఇరవై రోజులు ఆపాను. నలభై మంది ఆడవాళ్లు డబ్బు పెట్టి కొనలేనివన్నీ ఏరుకున్నారు. ఈ మిషను కూడా అందులోదే. ఇంతలో ముసురు పట్టేట్టుంది, వెంటనే మట్టి కప్పమని పైనుంచి ఉత్తరువు. పరుపులు అలాగే ఉండిపోయాయి. కప్పేశా. కానీ దాచలేదమ్మా. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చెప్పి రాయించా. ఈ పొర తొక్కించలేదు, తర్వాత వచ్చేవాళ్లు చూసుకోవాలి అని. నా గుట్టలో అబద్ధం లేదని ఊరికే అంటానా?"

అంటే ఈ అబద్ధం ఇద్దరూ కలిసి రాసింది కాదు.

"మావయ్యా," అన్నాను, "పుస్తకంలో ఐదుసార్లు అని ఉంది."

ఆయన నవ్వారు. "తప్పు చూశావు. ఇలా ఇవ్వు."

రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని సంతకం మీద వేలు పెట్టారు. "ఇది నేను. దీని పక్కనున్నది నా మాట. నువ్వు చదవరా."

మా ఆయన వంగి చదివారు. "ఇంటి సామాన్లు. వరద." ఆగి, అమ్మ వైపు చూశారు. "ఐదుసార్లు."

"సరిగ్గా చదువు."

"వాడు సరిగ్గానే చదివాడు," అంది అత్తయ్య. "నేనే అలా రాశాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

"నువ్వు తొక్కించలేదనే చెప్పావు," అంది. తలెత్తి సూటిగా ఆయన కళ్లలోకే చూస్తోంది. "ఆ వారమే ఒక్క పొర వదిలేశాడని ఇంకో డ్రైవర్ని తీసేశారు. గుర్తుందా? నిన్ను తీసేస్తే కొత్తవాడొస్తాడు. వాడు మా కోసం బండి ఆపుతాడా? నలభై మందిమి. నువ్వు నిజం చెప్పి హాయిగా నిద్రపోయావు. నేను అబద్ధం రాసి మేలుకున్నాను."

"ఇన్నేళ్లు చెప్పలేదే."

"చెబితే పొద్దున్నే పోయి దిద్దించుకునేవాడివి. నీ సంగతి నాకు తెలీదా?"

"అమ్మా..." అన్నారు మా ఆయన.

"నువ్వుండరా. ఈ మిషను మీదే కుట్టి నిన్ను చదివించాను. సిగ్గుపడమంటే పడను. కానీ దాని మీద పిల్లలు పరుగెత్తుతారని నాకెలా తెలుసు? చెత్త మీద ఎవరైనా పరుగెత్తుతారని ఆ రోజుల్లో ఎవరనుకున్నారు?" మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "మూడు రోజులుగా చెప్పాలనే ఉంది. మిషను ఆపితే నోరు తెరవాలి. అందుకే ఆపలేదు."

మావయ్య రిజిస్టరు మూశారు. అట్ట మీద అరచేయి పెట్టారు.

"నాకు చదువు రాదని నేనెప్పుడూ భయపడలేదే," అన్నారు. "ఎందుకు పడాలి, నువ్వున్నావుగా అనుకున్నా."

ఇంకా ఏదో అనబోయారు. బయట జీపు హారను మోగింది.

*

పెద్దసారు పిలుపు కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చారు. మా నలుగురి ముఖాలూ చూసి దాన్ని ఎవరికివ్వాలో తెలీక ఆగారు.

"మట్టిలో లోపం లేదు సార్," అన్నాను. "నాలుగో గడి ఐదో పొర తొక్కించలేదు. కింద పరుపులున్నాయి. పైన మట్టీ కంకరా బరువు పడేసరికి ఇప్పుడు అణుగుతున్నాయి. అదే రాస్తాను. అక్కడి షీటు తీసేసి, మూడు నెలలు దాని మీద మట్టి గుట్టగా పోసి, అణిగేదాకా అణగనిచ్చి, అప్పుడు షీటూ మలుపూ మళ్లీ వేయాలి. ఆదివారం పరుగు కుదరదు."

"ఆధారం?"

"తొక్కించనివాణ్ణి నేనే," అన్నారు మావయ్య.

"పెద్దాయనా, మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ పుస్తకంలో ఐదు అని ఉంది. ఇన్నేళ్ల తర్వాత నోటిమాట పట్టుకుని పుస్తకం తప్పని ఎలా రాయను? మీకు గుర్తుందని నమ్మకమేంటి?"

మావయ్య వీపు నిటారైంది. బుల్డోజరు సీట్లో అలాగే కూర్చునేవారేమో.

"పుస్తకాలు మీరు పెట్టుకోండి. నేను చూడను. చూసినా నాకు చదవడం రాదు." ఆ మాట మా ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అనలేదు. మొదట అన్నది ఆయనే. "ఒకటో గడి నుంచి చెప్తాను. ఏ పొరలో ఏమొచ్చింది, ఎన్నిసార్లు తొక్కించాను. ఎన్ని సరిపోతాయో చూసి అప్పుడు చెప్పండి, నా మాట పనికొస్తుందో లేదో."

మా ఆయన రిజిస్టర్ల వైపు చెయ్యి చాచారు. అత్తయ్య ముందే అందుకుంది.

"నేను రాసింది నేనే చదువుతాను."

స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది. రోజూ పేపరు చదవడానికి కూర్చునేది అలాగే. మావయ్య కళ్లు మూసుకున్నారు.

"ఒకటో గడి. మొదటిది, కూలగొట్టిన గోడల రాళ్లు. మూడు."

"మూడు," అంది అత్తయ్య.

"దాని మీద బజారు చెత్త. కుళ్లిన కూరగాయలు. బండి జారింది ఆ రోజు. ఆరు."

"ఆరు."

"కాగితం ఫ్యాక్టరీ బూడిద. నాలుగు. గాలికి లేస్తుంటే నీళ్లు చల్లి తొక్కించా."

"నాలుగు. నీళ్లు చల్లి."

పెద్దసారు మొదట నవ్వుతూ విన్నారు. రెండో గడి మధ్యలో నవ్వు పోయింది. మూడో గడికి ఆయన లేచి అత్తయ్య వెనక నిలబడి పేజీలోకి చూస్తున్నారు. పాత టైర్లు, రెండు. ఆస్పత్రి పక్క కాలవ మట్టి, ఐదు. గాజుపెంకులు, ఏడు, బండి పట్టాలు తెగిన రోజు. ఒక్కటీ తప్పలేదు. నేను పెన్సిలుతో పక్కన గీతలు పెడుతున్నాను. ఇరవై ఏళ్లు తన కళ్లద్దాల మీద నెపం వేసిన మనిషి తలలో ఒక కొండ మొత్తం పొరలు పొరలుగా, వరస చెడకుండా ఉంది.

మా ఆయన ఈలను గట్టిగా పిడికిట్లో పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు.

"నాలుగో గడి," అన్నారు మావయ్య. "ఐదో పొర. వరద సామాన్లు. తొక్కించలేదు."

"ఐదు అని రాశాను," అంది అత్తయ్య. "తొక్కించలేదు." నా వైపు చెయ్యి చాచింది. "పెన్నివ్వు."

"పాత రిజిస్టరు దిద్దకూడదమ్మా," అన్నారు పెద్దసారు. ఆ గొంతులో పొద్దుటి జోరు లేదు.

"కొట్టేయను. పక్కన రాస్తాను. ఈ రోజు తారీఖు వేసి." రాసింది. అదే రాత, కొంచెం పెద్దది. మావయ్య కళ్లు తెరిచి దాని కింద సంతకం పెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఆయన సంతకం పెట్టేదాకా పేజీ కదలకుండా ఆమె పట్టుకుంది.

పెద్దసారు వంగి ఆ రెండు వరసలనూ చదివారు.

"సరే. ఇదే రాయండి," అన్నారు నాతో. "పై వాళ్లకి నేను చెప్పుకుంటా. ట్రాక్ తర్వాత తెరుద్దాం. ఆదివారం పిల్లలు మైదానంలో ఆడతారు, జనం మెట్ల మీద కూర్చుని చూస్తారు. మేస్త్రీతో మీరే చెప్పండి, పాపం." పిలుపు కాగితం మావయ్యకి అందించబోయారు. "ఇక చాలు పెద్దాయనా. నమ్మాను."

అత్తయ్య పెన్ను మూత పెట్టి రిజిస్టరు మూయబోయింది.

మావయ్య కాగితం అందుకోలేదు. "మొదలుపెట్టాక చివరిదాకా చెప్పాలి సార్. నా గుట్ట తొమ్మిది గడులు." మళ్లీ కళ్లు మూసుకున్నారు. "ఐదో గడి..."

ఐదు సరిపోయింది. ఆరు సరిపోయింది. పెద్దసారు ఈసారి మా ఇంటి గుమ్మం మీదే కూలబడి వింటున్నారు. ఆయన డ్రైవరు కూడా కిటికీలోంచి తొంగిచూస్తున్నాడు.

"ఏడో గడి. మొదటిది ఇటుకముక్కలు. నాలుగు."

"నాలుగు."

"రెండోది కట్టెల మిల్లు రంపం పొట్టు. ముప్పై లారీలు. బండి దిగబడుతుంటే వదిలేశా. ఒక్కసారి."

అత్తయ్య వేలు 'ఐదుసార్లు' అన్న మాట మీద ఆగిపోయింది.

"ఒక్కసారి," అన్నారు మావయ్య మళ్లీ. "చదువు."

ఆమె చదవలేదు. తలెత్తి కిటికీలోంచి గుట్ట వైపు చూసింది. ఇక్కణ్ణించి ట్రాక్ కనబడదు. సిమెంటు మెట్లు మాత్రం కనబడతాయి.

"ఏడో గడి మీద మనం ఏం కట్టామమ్మా?" అన్నారు పెద్దసారు గుమ్మంలోంచి.

అది ఆయనకి తెలుసు. నాకూ తెలుసు.

అత్తయ్య పెన్ను మూత తీసింది.